ఏ ఊరు?

కుక్కలు మొరిగాయి. అంతలోనే ఆగిపోయాయి. పొయ్యి దగ్గర కూర్చున్న ఆడమనిషి తలెత్తింది. ఆ రోజుల్లో మొరిగే కుక్క కంటే మొరగని కుక్కంటేనే భయం. చీకట్లో ఎవరో ఎవర్నో అడుగుతున్నారు. "ఏ ఊరు?" జవాబు మాత్రం వినపడలేదు.

2006. కోంటా అడవులు. అప్పటి దంతెవాడ జిల్లాకు దక్షిణపు కొస. ఏడాది కిందట, 2005 జూన్‌లో, మావోయిస్టుల మీద ప్రభుత్వ అండతో సల్వా జుడుం అనే సాయుధ దళం మొదలైంది. ఊళ్లు ఖాళీ చేయండి, రోడ్డు పక్క శిబిరాలకు రండి అన్నారు జుడుంవాళ్లు. దోర్నపాల్, కోంటా, ఎర్రబోరు. వెళ్లనివాళ్లు నక్సలైట్ల మనుషులు. వెళ్లినవాళ్లు జుడుం మనుషులు. ఏ ఊరో చెబితే చాలు, ఎటువాళ్లో తేలిపోయేది. జులై 17న మావోయిస్టులు ఎర్రబోరు శిబిరం మీద పడ్డారు. 30 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో పిల్లలూ ఉన్నారు. ఇంట్లో ఉంటే నిప్పు. శిబిరానికి పోతే కత్తి. ఇక మిగిలింది ఒకటే దారి.

ఆ దారి తెలుగు నేల వైపు.

ఒక గిన్నె, ఒక గొడ్డలి, గుడ్డలో మూటగట్టిన విత్తనాలు, చంకలో చంటిది, వేలు పట్టుకుని పెద్దది, వెనకాల కర్ర పొడుచుకుంటూ ముసలాయన, రోడ్డెక్కితే ఎవరో ఒకరు ఆపుతారని చెట్ల మధ్యనే, వాన నీళ్లు మడమలు దాటుతుంటే బురదలోనే, చంటిది ఏడిస్తే నోటికి రొమ్ము అందించి, నిప్పు రాజేస్తే పొగ కనపడుతుందని పచ్చి బియ్యమే నమిలి, పగలు పడుకుని రాత్రి నడిచి, నడిచి, ఖమ్మం జిల్లా అడవిలో ఒక వాగు ఒడ్డున ఆగారు. అంతకుముందు మిరపకోతలకు వచ్చిన దారే అది. కానీ అప్పుడు తిరిగి వెళ్లడానికి ఇల్లుండేది.

ముందు నీళ్లు. వాగులో పారేవి బురద నీళ్లు. ఒడ్డున మోకాళ్ల మీద కూర్చుని ఆమె ఇసక తోడింది. జానెడు. మూరెడు. అడుగున చెమ్మ తగిలింది. మొదట ఊరిన బురద నీళ్లు బయటికి చిమ్మింది. ఆగింది. మళ్లీ ఊరాయి. మళ్లీ చిమ్మింది. మూడోసారికి గుంటలో ఆకాశం కనపడింది. సొరబుర్రతో తోడి, చీరచెంగు మడతలోంచి గిన్నెలోకి వడగట్టింది. చెలమ. నలుగురి దాహం తీరాలంటే ఎంతసేపు వంగి కూర్చోవాలో చెలమ తోడినవాళ్లకే తెలుసు. గిన్నె సగమైనా నిండలేదు. వెనక బూట్ల చప్పుడు.

"ఎవరు మీరు? ఏ ఊరు?"

ఈసారి అడిగింది ఫారెస్టువాళ్లు. తెలుగులో అడిగారు. ఆమెకు తెలిసింది కోయ మాట. చేత్తో ఉత్తరం వైపు చూపించింది. అది రిజర్వు అడవి, ఉండడానికి వీల్లేదన్నారు. గుడిసెలు పీకేశారు. మళ్లీ వేసుకున్నారు. మళ్లీ పీకేశారు. కొన్ని గుంపుల్లో, అంటే ఇలాంటి చిన్న పల్లెల్లో, గుడిసెలకు నిప్పు కూడా పెట్టారు. హ్యూమన్ రైట్స్ వాచ్ 2008 జులైలో తెచ్చిన నివేదికలో ఇదంతా రికార్డయింది.

చట్టం ఏమంటుందో ఇక్కడ చెప్పుకోవాలి. అటవీ హక్కుల చట్టం ఒక తేదీ పెట్టింది: 2005 డిసెంబరు 13. ఆ రోజుకి అడవి భూమి సాగులో ఉన్నవాళ్లకే పట్టా. వీళ్లలో చాలామంది ఇల్లు కాలి నడిచి వచ్చింది ఆ తేదీ తర్వాతే. దేశం సరిహద్దు దాటలేదు కాబట్టి శరణార్థులు కారు. సొంత దేశంలోనే చెదిరిపోయినవాళ్ల కోసం మనకు జాతీయ చట్టమే లేదు. ఛత్తీస్‌గఢ్‌లో షెడ్యూల్డు తెగ. ఇక్కడికొచ్చేసరికి 'గుత్తికోయ' అనే పిలుపు తప్ప ఆ గుర్తింపు లేదు. గుర్తింపు లేకపోతే కార్డు లేదు, కార్డు లేకపోతే బియ్యం లేవు. గిన్నె ఖాళీ. మిరపచేలో కూలి దొరికిన రోజే పొయ్యి వెలిగింది. దొరకని రోజు?

తర్వాత సల్వా జుడుం కేసులో సుప్రీంకోర్టు మాట్లాడింది. 2011 జులై 5. జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్. గిరిజన యువకులకు తుపాకులిచ్చి మావోయిస్టుల మీదికి పంపడం రాజ్యాంగ విరుద్ధం అని తేల్చారు. వాగు ఒడ్డున ఉన్నవాళ్లు మాత్రం అక్కడే ఉన్నారు. తిరిగి వెళ్లి చూస్తే చేను అడవిలో కలిసిపోయింది. 2014లో రాష్ట్రం రెండుగా విడిపోయినప్పుడు ఖమ్మం జిల్లా చింతూరు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లింది. అక్కడి గుంపులవాళ్లకు కాలు కదపకుండానే జిల్లా మారింది. అటు తెలంగాణలో, 2017 సెప్టెంబరులో, తాడ్వాయి మండలం జలగలంచలో ఫారెస్టువాళ్లు గుడిసెలు కూల్చారు. ఆడవాళ్లను చెట్లకు కట్టేశారని అక్కడివాళ్లు చెప్పారు. యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన తల్లులను!

మళ్లీ వానాకాలం. వాగు అవతల గుంపు. తాటాకుల మీద టపటపా చినుకులు. లోపల ఒక పిల్ల ముడుచుకుని వణుకుతోంది. నుదురు కాలిపోతోంది. ఆశా కార్యకర్త చెప్పులు చేత పట్టుకుని వాగు దాటి వచ్చింది. సంచిలోంచి మలేరియా కిట్టు తీసింది. పిల్ల వేలు గుచ్చింది. రక్తపు చుక్క ఎక్కించి, ఎదురుచూస్తూ పుస్తకం తెరిచింది.

"అక్కా, ఏ ఊరని రాయమంటావు?"

తల్లి ఒక పేరు చెప్పింది. కాలిపోయిన ఊరి పేరు. పిల్ల కళ్లు తెరవకుండానే ఇంకో పేరు చెప్పింది. ఈ గుంపు పేరు. పిల్ల పుట్టింది ఇక్కడే. పెన్ను ఆగింది. గుడిసెలో వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. కిట్టు మీద రెండో గీత ఎర్రగా తేలుతోంది. మలేరియానే.

ఆమె రెండు పేర్లూ రాసింది. పక్కన 'వాగు అవతల' అని చేర్చింది. మూడు రోజుల మాత్రలు తల్లి అరచేతిలో పెట్టి, మొదటిది తన ఎదుటే పిల్లతో మింగించింది. గిన్నెలో చెలమ నీళ్లు. రేపు మళ్లీ వస్తానంది, వాగు పొంగకపోతే.