నౌబత్ పహాడ్: హుస్సేన్ సాగర్ మీది కొండ

సముద్రానికి ఎంతో ఎడంగా ఉన్న హైదరాబాదుకు ఓడరేవు లేకపోయినా, పడవలు ఆగే గట్టు, నీటి నడుమ రాతి దిబ్బ, ఆ రెంటినీ పైనుంచి చూసే కొండ ఉన్నాయి. ఎస్.ఆర్. నగర్‌లో మెట్రో ఎక్కితే ఆరో స్టేషనైన అసెంబ్లీకి దగ్గరలోనే నౌబత్ పహాడ్, దానిని ఆనుకుని కాలా పహాడ్ అనే జంట గుట్టలు కనిపిస్తాయి.

వాటి కింది హుస్సేన్ సాగర్‌ను ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో, 1562-63 ప్రాంతంలో, హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో తవ్వించి, మూసీ నుంచి కాలువ ద్వారా నింపారు. 1591లో వెలిసిన నగరం కన్నా చెరువే పెద్దదన్నమాట. పడమటి పేటల వాననీరు నేటికీ కూకట్‌పల్లి, బంజారా నాలాల మీదుగా, మురుగును వెంటబెట్టుకుని, ఇందులోకే చేరుతుంది.

నౌబత్ అంటే రాజద్వారం దగ్గర నియమిత వేళల్లో మోగించే నగారా. 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమయ్యాక, మొగలు చక్రవర్తి ఫర్మానాలను, అంటే రాజశాసనాలను, ఈ గుట్ట మీద నగారా మోగించి చదివేవారని ప్రతీతి. ఎదురుగాలి వీచినప్పుడు ఆ చదువు ఎందరి చెవిన పడేదో అనుమానమే గానీ, ఏలిక ఎవరో తెలియడానికి నగారా మోత ఒక్కటే చాలి ఉంటుంది. విచిత్రమేమంటే, కాలా పహాడ్ మీద బిర్లాలు రాజస్థాన్ పాలరాతితో కట్టించిన, 1976లో స్వామి రంగనాథానంద ప్రతిష్ఠించిన వేంకటేశ్వరాలయంలో గంటలే లేవు; ధ్యానానికి నిశ్శబ్దం అవసరమన్నది స్వామి అభిమతం. నౌబత్ పహాడ్‌పై 1985లో నక్షత్రశాల వెలసింది.

సాగరం నడుమ ఉన్న జిబ్రాల్టర్ రాక్ అనే దిబ్బ చరిత్ర ఇంత ప్రశాంతమైనది కాదు. భువనగిరి దగ్గరి రాయగిరి నుంచి తెచ్చిన ఏకశిలా బుద్ధ విగ్రహాన్ని 1990 మార్చి 10న బల్లకట్టుపై తరలిస్తుండగా, వందల టన్నుల బరువుకు అది ఒరిగి, విగ్రహం నీట మునిగింది; కూలీలు కొందరు ప్రాణాలు కోల్పోయారు. రెండేళ్లకు పైగా అడుగున పడి ఉన్న విగ్రహాన్ని పైకి తీసి, 1992 డిసెంబరు 1న దిబ్బపై నిలబెట్టారు.

కొండకూ సాగరానికీ నడుమ 2023 ఏప్రిల్ 30న కొత్త సచివాలయం ప్రారంభమైంది. కనుక ఒకనాడు గుట్ట నెత్తిన చదివారనే శాసనాల వారసత్వం ఇప్పుడు గుట్ట పాదాల చెంతకు దిగి, జీవోలుగా, అంటే ప్రభుత్వ ఉత్తర్వులుగా, ఏ నగారా మోతా లేకుండానే వెలువడుతోంది.