జపాన్ వృద్ధుల విధానం: ఒక ఆచార్యుని పరిశోధన

మంచాన పడిన వృద్ధుల సేవ కుటుంబ ధర్మమా, సమాజ బాధ్యతా? ఈ ప్రశ్నకు జపాన్ క్రమంగా వెదుక్కొన్న సమాధానాన్ని లోతుగా పరిశీలించినవారిలో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్ర ఆచార్యులుగా పనిచేసిన జాన్ క్రైటన్ క్యాంప్‌బెల్ ముఖ్యులు. ఆయన వైద్యుడు కారు. 1977లో వెలువడిన ఆయన గ్రంథం జపాన్ బడ్జెట్ రాజకీయాలను గురించినది. ప్రభుత్వ ధనం ఎవరికి, ఎందుకు, ఎలా చేరుతుందో గమనించే ఆ దృష్టితోనే ఆయన వృద్ధుల సంక్షేమాన్నీ పరిశీలించారు.

జపాన్‌లో 1961 నాటికి అందరికీ ఆరోగ్యబీమా లభించింది. అయినా రోగి తన వంతుగా చెల్లించవలసిన సొమ్ము వృద్ధులకు భారమే. 1960లో ఇవాతే ప్రాంతంలోని సావాఉచి అనే చిన్న గ్రామం తన వృద్ధులకు ఉచిత వైద్యం ప్రారంభించింది. 1969లో టోక్యో నగరపాలన అదే బాట పట్టింది. 1973లో 70 ఏళ్లు దాటినవారికి దేశమంతటా అది అమలైంది. ఆ ఏడాదే చమురు సంక్షోభం వచ్చింది. వైద్యావసరం లేకున్నా ఇంట చూసేవారు లేక ఆసుపత్రులలోనే నెలల తరబడి ఉండిపోయే వృద్ధులు పెరిగారు. 1983లో స్వల్ప రుసుము తిరిగి వచ్చింది.

ఈ మలుపులను క్యాంప్‌బెల్ 1992 నాటి గ్రంథంలో విశ్లేషించారు. అవసరం తీవ్రమైనంత మాత్రాన విధానం మారదు. తగిన ఆలోచన కావాలి, దానిని ముందుకు నెట్టే శక్తి కావాలి. ఒక్కొక్కసారి కేవలం కాలం కలిసివస్తుంది. కియో విశ్వవిద్యాలయ వైద్యాచార్యులు నవోకి ఇకెగామితో కలిసి 1998లో వెలువరించిన గ్రంథంలో జపాన్ వైద్యవ్యయం అదుపులో ఉండటానికి కారణం వివరించారు. ఏ బీమా అయినా, ఏ ఆసుపత్రి అయినా ఒక చికిత్సకు దేశమంతటా ఒకే ధర. దానిని రెండేళ్లకొకసారి చర్చించి సవరిస్తారు.

1972లో సావాకో అరియోషి రాసిన ఒక నవల, మతి తప్పిన మామగారికి సేవచేసే కోడలి కథతో దేశాన్ని కదిలించింది. 1989లో గృహసేవలను విస్తరించే పదేళ్ల ప్రణాళిక వచ్చింది. 1997లో దీర్ఘకాలిక సంరక్షణ బీమా చట్టమై, 2000 ఏప్రిల్‌లో అమలైంది. 40 ఏళ్లు దాటినవారు చందా కడతారు. ఖర్చులో సగం పన్నులది, సగం చందాలది. చట్టం రూపొందుతున్నప్పుడు సేవచేసే కుటుంబానికి నగదు ఇవ్వాలన్న సూచన వచ్చింది. ఆ నగదు కోడలిని ఇంటికే కట్టివేస్తుందని మహిళాసంఘాలు వ్యతిరేకించాయి. చివరకు చట్టం నగదును కాక సేవలనే ఎంచుకొంది.

ఆ వాదన మన ఇళ్లకూ వర్తిస్తుంది. పక్షవాతంతోనో మతిమరుపుతోనో మంచాన ఉన్న పెద్దవారి బీపీ, షుగర్ చూసేటప్పుడు, వారిని చూసుకొనే కోడలినో కూతురినో కూడా రెండు ప్రశ్నలు అడగండి: రాత్రి నిద్ర పడుతున్నదా? వారంలో ఒక పూటైనా ఆమె బదులు చూసేవారున్నారా? లేరని సమాధానం వస్తే, ఆ ఇంట శ్రద్ధ అవసరమైనవారు ఇద్దరు.