హెన్రీకి అంత వీజీగా ఎలా?

2018లో వచ్చిన 'కింగ్‌డమ్ కమ్: డెలివరెన్స్' గేములో కత్తియుద్ధం మరీ కష్టమని చాలామంది గోల. కథాకాలం 1403, చోటు బొహీమియా. హీరో హెన్రీ ఓ కమ్మరి కొడుకు, మొదట్లో కత్తి పట్టడమే రాదు. ముగ్గురు చుట్టుముడితే చావక ఏం చేస్తాడు?

నా గోల వేరు. కెప్టెన్ బెర్నార్డ్ దగ్గర 'మాస్టర్ స్ట్రైక్' నేర్చుకున్నాక ఆట మరీ వీజీ అయిపోతుంది. సరైన క్షణంలో బటన్ నొక్కితే చాలు, దెబ్బ కొట్టినవాడికే తిరిగి తగులుతుంది!

ఇంగ్లండులో 1461 నాటి టౌటన్ యుద్ధంలో చచ్చినవాళ్ళ సామూహిక సమాధి ఒకటి 1996లో బయటపడింది. కొన్ని ఎముకల మీద ఎప్పుడో తగిలి మానిపోయిన గాయాలున్నాయి. అంటే అంతకుముందే పోరాటాలు చూసినవాళ్ళన్నమాట. అయినా ఒక్కో పుర్రె మీద ఎన్నేసి దెబ్బలో! మన హెన్రీకి మాత్రం బాగా నేర్చాక ఐదుగురొచ్చినా లెక్కలేదు..