వాట్ యంత్రానికి అడ్డుపడిన సందు

జేమ్స్ వాట్ అనగానే చిన్నప్పటి పాఠంలోని టీ కెటిలు, ఎగిరే మూత గుర్తుకొస్తాయి. ఆ కథ ఎలా ఉన్నా, వాట్‌ను పదేళ్లు తిప్పలు పెట్టింది పిస్టనుకూ సిలిండరుకూ మధ్య మిగిలిన సన్నని సందు.

1763-64 శీతాకాలంలో గ్లాస్గో విశ్వవిద్యాలయం వారు న్యూకొమెన్ ఆవిరి యంత్రపు నమూనా ఒకటి బాగుచేయమని, అక్కడ పరికరాలు తయారుచేసే వాట్‌కు అప్పగించారు. దాని సిలిండరు వ్యాసం రెండే అంగుళాలు. న్యూకొమెన్ పద్ధతిలో ఆవిరి నిండిన సిలిండరులోకే చన్నీళ్లు చిమ్మేవారు. ఆవిరి చల్లారి లోపల శూన్యం ఏర్పడగా, బయటి గాలి ఒత్తిడి పిస్టనును కిందకు నెట్టేది. పిస్టను అంచుకు తోలు తొడిగి, పైన కొంచెం నీరు నిలిపితే సందు మూసుకుపోయేది. సిలిండరు కాస్త వంకరగా ఉన్నా పని నడిచేది.

అయితే ప్రతిసారీ సిలిండరును చల్లార్చి మళ్లీ వేడిచేయడంలో ఆవిరి చాలావరకు వృథా అవుతోందని వాట్ గ్రహించాడు. ఆవిరిని వేరే పాత్రలో చల్లార్చాలన్న ఉపాయం 1765లో తట్టింది. ఇత్తడి పిచికారీ ఒకదాన్ని సిలిండరుగా పెట్టి నమూనా చేస్తే చక్కగా పనిచేసింది. పిచికారీలో పిస్టను బిగువుగా కూర్చుంటుంది కదా!

చిక్కంతా పెద్ద యంత్రం దగ్గర వచ్చింది. సిలిండరు ఎప్పుడూ వేడిగా ఉండాలి గనుక పిస్టనుపైన నీరు నిలపడానికి వీల్లేదు. 18 అంగుళాల సిలిండరేమో సరైన గుండ్రం కాదు. గుడ్డపీలికలు, బిరడా చెక్క, అట్ట, చివరకు గుర్రపు లద్దె కూడా కూరి చూశాడు. ఆవిరి ఆగలేదు. 1769లో పేటెంటు చేతికొచ్చినా యంత్రం మాత్రం, మన ఆఫీసుల్లో సంతకం కాని ఫైలులా, ఉన్నచోటనే ఉంది. సంసారం గడవడానికి ఆయన కాలువల సర్వేలకు తిరిగాడు. 1773లో అలా దూరాన ఉండగానే భార్య మార్గరెట్ ప్రసవ సమయంలో మరణించింది.

మరుసటి ఏడు వాట్ బర్మింగ్‌హామ్‌లోని బౌల్టన్ వద్దకు చేరాడు. సందు సమస్య తీర్చినవాడు మాత్రం ఫిరంగులు తొలిచే జాన్ విల్కిన్సన్. అంతవరకు తొలిచే కడ్డీకి ఒక కొసనే ఆధారం ఉండేది. అందువల్ల రెండో కొస వాలిపోయి, పోతలో ఉన్న వంకర వెంటే పోయేది. విల్కిన్సన్ 1775లో కడ్డీని సిలిండరు గుండా అవతలికి తీసి, రెండు కొసలకూ ఆధారమిచ్చాడు. ఇక కడ్డీ ఎటూ వాలలేదు. 1776లో 50 అంగుళాల సిలిండరు తొలిస్తే, తేడా ఎక్కడా పాత షిల్లింగు నాణెం మందం కూడా లేదని బౌల్టన్ సంబరపడ్డాడు. నా లెక్కలో ఆ ఘనతలో సగం విల్కిన్సన్‌దే. పాఠ్యపుస్తకాలు ఆయన పేరెత్తవు.

ఆ తరువాత కూడా పిస్టనుకు నార చుట్టి, కొవ్వు పూయవలసిందే. కాని ఇప్పుడు ఆ నార ఆవిరిని ఆపింది. ఆ తొలి యంత్రాల్లో ఒకదాన్ని విల్కిన్సనే తన ఇనుప కొలిమికి గాలి ఊదడానికి పెట్టించుకున్నాడు.