ఒకే పెనం మీద స్టేక్, బ్రసెల్స్ స్ప్రౌట్స్

స్టేక్: ఇది ముక్కల వేపుడు కాదు, కూర అసలే కాదు. కండపోగులకు అడ్డంగా, రెండు మూడు సెంటీమీటర్ల మందాన కోసిన ఒకే మాంసపు పలక. దీన్ని పొడి సెగ మీద, అంటే నీళ్లు తగలనివ్వకుండా కాలుస్తారు. అడ్డంగా ఎందుకు? నిలువునా కోస్తే పోగులు పొడుగ్గా ఉండి పళ్లకు సాగుతాయి. అడ్డంగా కోస్తే పొట్టివై ఇట్టే తెగుతాయి.

ఏ మాంసం: హైదరాబాదులో బడే కా గోష్త్ అంటే చాలావరకు గేదె మాంసమే. 1977 నాటి చట్టం ఆవు వధను నిషేధించింది. అందువల్ల విదేశీ వంటపుస్తకంలో ఆవుమాంసం అని ఉన్నచోట ఇక్కడ వండేవారు గేదె అండర్‌కట్ అని చదువుకోవాలి. అండర్‌కట్ అంటే నడుము దగ్గర, వెన్నెముకకు లోపలివైపు ఉండే కండ. జంతువు నడిచినా మోసినా దీనికి పెద్ద పని పడదు. పని లేదు కనుకే మెత్తన. కొవ్వూ తక్కువే, అంటే పెనం మీద ఒక్క నిమిషం ఎక్కువైనా ఎండిపోతుంది.

పత్థర్ కా గోష్త్: మనకు స్టేక్ ఎప్పటినుంచో ఉందనడానికి దీన్ని సాక్ష్యం తెస్తారు. సగమే నిజం. పలచగా చదును చేసిన మాంసానికి మసాలా, పచ్చి బొప్పాయి ముద్ద పట్టించి, నిప్పుల మీద కాగిన గ్రానైటు పలకపై కాలుస్తారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వేటకు వెళ్లినప్పుడు పుట్టిందంటారు. అది కథ, కథగానే వినాలి. పొడి సెగ వరకు ఇదీ స్టేకూ ఒకటే. పలచన, మసాలా, లోపలిదాకా ఉడకడం: ఈ మూడింటిలో వేరు. ఇక బొప్పాయిలోని పపెయిన్ మాంసకృత్తులను విడగొడుతుంది. గట్టి మాంసానికి అది వరం. అండర్‌కట్‌కు రాస్తే పైపొర పిండిపిండిగా తయారవుతుంది, రాయకపోవడమే మేలు.

బ్రసెల్స్ స్ప్రౌట్స్: స్ప్రౌట్స్ అనగానే మన ఇళ్లలో గుడ్డలో కట్టిన పెసర మొలకలు గుర్తుకొస్తాయి. వాటికీ వీటికీ చుట్టరికం లేదు. ఇవి నిలువు కాండం మీద, ఆకు మొదట్లో పుట్టే మొగ్గలు. అంటే ఒక్కొక్కటీ ఉసిరికాయంత క్యాబేజీ. క్యాబేజీ, కాలీఫ్లవర్, నూల్‌కోల్, ఇవి, అన్నీ వృక్షశాస్త్రం లెక్కన ఒకే జాతి. చలి కావాలి కనుక మన దక్షిణాదిన నీలగిరుల్లో పండిస్తారు. వీటిని తిట్టేవారు చాలామంది నిజానికి ఉడికించినవాణ్ణి తిట్టాలి: ఎక్కువసేపు ఉడికితే గంధకపు సమ్మేళనాలు విడుదలై కంపు కొడతాయి. సగానికి కోసి, కోసిన ముఖం పెనానికి ఆనించి కాలిస్తే తీపి తేలుతుంది.

రంగు: మాంసం పైన ఏర్పడే గోధుమరంగు, చక్కెరలూ అమైనో ఆమ్లాలూ కలిసి చేసే పని. 1912లో మయ్యార్ అనే ఫ్రెంచి రసాయనవేత్త దీన్ని వివరించాడు. సుమారు 140 డిగ్రీలు దాటితేనే జోరందుకుంటుంది. తడి ఉంటే ఆ చోటు 100 దగ్గరే ఆగిపోతుంది, అంటే మాంసం కాలదు, ఉడుకుతుంది. కనుక ముందు గుడ్డతో తుడవాలి. పైపొర కాలితే రసం లోపల బందీ అవుతుందని 19వ శతాబ్దంలో లీబిగ్ అనే రసాయనవేత్త చెప్పిన మాట తప్పని తేలింది. అయినా వంటవాళ్లు వదల్లేదు. రంగు రుచికోసం, రసం కోసం కాదు.

కలిపి: అసలు తికమక ఇక్కడే. కలిపి అంటే ఒకే పెనం, కానీ ఒకే సమయం కాదు. రెండూ ఒకేసారి వేస్తే మొగ్గల నీరు మాంసాన్ని ఉడకేస్తుంది. ముందు మందపాటి ఇనప పెనం బాగా కాగనిచ్చి, నూనె వేసి మాంసం రెండువైపులా కాల్చాలి. నడిమధ్య వేడి 63 డిగ్రీలకు చేరితే, మూడు నిమిషాల విశ్రాంతితో, క్షేమం అని అమెరికా వ్యవసాయ శాఖ లెక్క. తీసి పళ్లెంలో పెట్టాలి, మూత వేయకూడదు. వేస్తే ఆవిరికి పైపొర మెత్తబడుతుంది. అదే పెనంలో చెంచా నెయ్యి వేసి, సెగ తగ్గించి మొగ్గలు బోర్లించాలి. ఆరేడు నిమిషాలకు ముఖం ఎర్రబడుతుంది. చివర రెండు చెంచాల నీళ్లు చిలకరిస్తే పెనానికి అంటుకున్న మాంసపు సారం ఊడి వాటికి పడుతుంది. కలపడం అంటే ఇదే.

మొగ్గలు దొరక్కపోతే హైదరాబాదులోని బోయినపల్లి మార్కెట్ క్యాబేజీ చాలు. కాడ ఊడకుండా, ఆకులు విడిపోకుండా చెక్కలుగా కోసి, పెనంలో మరో నాలుగు నిమిషాలు ఎక్కువ ఉంచండి.