గొడ్డు దొండ

మార్కాపురంలో మా అవ్వ పెరటి పందిరికి దొండపాదు కావాలంది. గిద్దలూరు దారిలో కంచెమీద ఎర్రగా పండిన కాకిదొండ పండ్లు కోసుకొచ్చి, నేనే గింజలు నాటాను. ఒక్కటి బతికింది. వానలకు తీగ పందిరంతా అల్లుకుని, తెల్లటి పూలు విరగబూసింది. కాయ మాత్రం ఒక్కటీ లేదు.

"ఇది గొడ్డుదిరా అబ్బయ్యా, పీకి పారెయ్యి" అంది అవ్వ.

వంటింట్లో మా పెద్దమ్మ చేతిలో గరిటె ఒక్క క్షణం ఆగింది. ఆమెకు పిల్లలు లేరు.

నిజానికి ఆ పాదు గొడ్డుది కాదు, మగది! కాయని తాడిని మనవాళ్లు మర్యాదగా పోతుతాడి అంటారు. దొండకు ఆ భాగ్యం దక్కలేదు. గుమ్మడి, సొర, బీరల్లో ఆడపువ్వూ మగపువ్వూ ఒకే పాదుమీద కాపురం చేస్తాయి. దొండలో వేరు కాపురాలు.

మొక్కల్లోనూ ఆడా మగా ఉన్నాయని 1694లో జర్మనీలో కామెరారియస్ చూపాడు. మగపూలు తుంచేస్తే ఆముదానికి గింజ కట్టలేదు. 1905లో అమెరికాలో నెట్టీ స్టీవెన్స్ అనే ఆవిడ పిండిపురుగుల్ని పరీక్షించి, పిల్ల ఆడో మగో తేల్చేది తండ్రి కణమేనని కనిపెట్టింది. ఆడపిల్లల్నే కన్నదని కోడళ్లను ఆడిపోసుకునే అత్తగార్లకు ఆ కబురు ఇంకా చేరినట్టు లేదు. 1923లో ఇంగ్లండులో కాథ్లీన్ బ్లాక్‌బర్న్ పూలమొక్కలోనూ ఎక్స్, వై క్రోమోజోములు చూసింది. 1940లో మన దేశపు శాస్త్రజ్ఞులు కుమార్, దేవదీకర్ దొండలోనే వాటిని పట్టుకున్నారు.

దొండ కణంలో 24 క్రోమోజోములు. ఆడపాదులో రెండు ఎక్స్‌లు, మగపాదులో ఒక ఎక్స్, ఒక వై. ఆ వై మిగతా అన్నిటికన్నా పెద్దది! ఎందుకంటారా? ఎక్స్, వై మొదట్లో ఒకేలాంటి జంట. ఒకదానిలో మగతనాన్ని తేల్చే జన్యువు కుదురుకున్నాక, అది తన జోడుతో ముక్కలు మార్చుకోవడం మానేసింది. ఇచ్చిపుచ్చుకోవడాలు లేని ఇంట్లో పాత సామాను పేరుకున్నట్టు, దానిలో ఒకే రాత మళ్లీమళ్లీ చేరి ఉబ్బిపోయింది. 2013లో జర్మనీలో జరిగిన పరిశోధన ఈ సంగతే చెప్పింది. దొండజాతి వయసు సుమారు 30 లక్షల ఏళ్లు. మన మగవాళ్ల వై 15 కోట్ల ఏళ్లకు పైబడ్డది. అది అరిగి అరిగి చిన్నదైపోయింది. వయసులో ఉబ్బు, ముసలితనంలో అరుగుదల!

భోజనాల దగ్గర ఇదంతా చెప్పాను. "గింజ నాటితే జూదమే. కాసే పాదు కొమ్మ తెచ్చి నాటమని ఆనాడే అన్నాను" అంది అవ్వ. ఆమె క్రోమోజోముల పేరు వినలేదుగాని, కొమ్మకు తల్లి గుణమే వస్తుందని ఎరుగును.

పెద్దమ్మ మాత్రం నెమ్మదిగా అడిగింది: "అయితే అది గొడ్డుది కాదంటావు?"

"కాదు పెద్దమ్మా. కాయడం దాని పనే కాదు."

మర్నాడు ఆమె పొరుగింటి నుంచి కాసే దొండకొమ్మ తెచ్చి నాటింది. పాతదాన్ని పీకలేదు. అవ్వా మళ్లీ ఆ మాట ఎత్తలేదు.