తెలంగాణలో బాలలపై లైంగిక వేధింపుల నివారణ ప్రచారం

బాలలపై లైంగిక వేధింపుల నివారణ ప్రచారం అనగా 18 సంవత్సరాల లోపు బాలబాలికలను లైంగిక నేరాల నుండి కాపాడుటకు ప్రభుత్వ శాఖలు, పోలీసులు, పాఠశాలలు, స్వచ్ఛంద సంస్థలు ప్రజలలో అవగాహన కలిగించే కార్యక్రమం. హైదరాబాదు వంటి నగరాలలోనే గాక, జనగామ జిల్లాలోని తరిగొప్పుల వంటి గ్రామీణ మండలాలకు కూడా ఇది అవసరమైనది.

== నేపథ్యం ==
కేంద్ర స్త్రీ, శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2007లో ఒక అధ్యయనాన్ని ప్రచురించింది. 13 రాష్ట్రాలలో 12,447 మంది బాలలను ప్రశ్నించగా, 53.22 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపులకు గురైనట్లు తెలిపారు. వారిలో బాలుర సంఖ్య బాలికల కంటే కొంత ఎక్కువ. వేధింపులు అధికంగా నమోదైన రాష్ట్రాలలో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. నేరస్థులలో సుమారు సగం మంది బాలలకు తెలిసినవారే. అత్యధికులు ఈ విషయాన్ని ఎవరికీ చెప్పుకోలేదు. పరువు పోతుందన్న భయం, తమను నమ్మరన్న సందేహం ఈ మౌనానికి ముఖ్య కారణాలు.

== చట్టం ==
లైంగిక నేరాల నుండి బాలల రక్షణ చట్టం (పోక్సో) 2012 నవంబరు 14న అమలులోకి వచ్చింది. టెలివిజన్, రేడియో, పత్రికల ద్వారా చట్టాన్ని గూర్చి ప్రచారం చేయుట ప్రభుత్వాల బాధ్యత అని 43వ సెక్షను పేర్కొంటున్నది. నేరం జరిగినట్లు తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు తెలియజేయాలని 19వ సెక్షను నిర్దేశిస్తున్నది, తెలియజేయకపోవుట శిక్షార్హం. బాధిత బాలల పేరు, ఫొటో, చిరునామా పత్రికలలో ప్రచురించరాదు. వాంగ్మూలం తీసుకొను పోలీసు అధికారి యూనిఫాంలో ఉండరాదు. 2020 నాటి నియమావళి ప్రకారం బాలల వయసుకు తగిన బోధనా సామగ్రిని ప్రభుత్వాలు రూపొందించాలి.

== ప్రచార సాధనాలు ==
చైల్డ్‌లైన్ సంస్థ నిర్మించిన 'కోమల్' అనే యానిమేషన్ చిత్రం ఈ ప్రచారంలో ప్రసిద్ధి చెందినది. తండ్రి స్నేహితుని వలన ఒక బాలిక ఎదుర్కొన్న వేధింపులను, మంచి స్పర్శ, చెడు స్పర్శల మధ్య తేడాను ఇది వివరిస్తుంది. తెలంగాణలో 2014లో ప్రారంభమైన షీ టీములు పాఠశాలలలో, కళాశాలలలో అవగాహన సదస్సులు నిర్వహిస్తున్నాయి. 2016లో హైదరాబాదులో ఏర్పడిన భరోసా కేంద్రం బాధితులకు వైద్య, న్యాయ, మానసిక సహాయాన్ని ఒకే చోట అందిస్తున్నది. గ్రామాలలో సర్పంచు అధ్యక్షతన బాలల పరిరక్షణ కమిటీలు ఉండాలని సమగ్ర బాలల పరిరక్షణ పథకం సూచించింది. అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలు, ఉపాధ్యాయులు ఈ కమిటీలకు ముఖ్యమైన తోడ్పాటు.

== పరిమితులు ==
చెడు స్పర్శను గుర్తించమని బాలలకు నేర్పినంత మాత్రాన రక్షణ భారం వారిపై మోపరాదు. ఆ బాధ్యత పెద్దలదే. ప్రచారం బాలికలకే పరిమితమైతే బాలురు మరుగున పడతారు. అపరిచితుల గూర్చి మాత్రమే హెచ్చరించుట వలన బంధువులు, ఇరుగుపొరుగువారు చేసే నేరాలు కప్పబడిపోతాయి. పెద్ద మనుషుల పంచాయితీలలో రాజీ కుదుర్చుట చట్టవిరుద్ధం. అవగాహన పెరిగిన చోట ఫిర్యాదులు పెరుగుట సహజం. వాటిని స్వీకరించి విచారించే వ్యవస్థ లేనిచో, ధైర్యం చేసి నోరు విప్పిన బాలలు మరల మౌనంలోకి వెళ్ళే ప్రమాదమున్నది.

== ఫిర్యాదు చేయు విధానం ==
బాలల సహాయవాణి 1098కు గాని, అత్యవసర సంఖ్య 112కు గాని ఉచితంగా ఫోను చేయవచ్చును. సమీప పోలీసు స్టేషనులోనూ, జిల్లా బాలల పరిరక్షణ విభాగంలోనూ ఫిర్యాదు స్వీకరిస్తారు. బాలలు చెప్పినది ఓపికగా విని, తప్పు వారిది కాదని ధైర్యం చెప్పుట పెద్దలు మొదట చేయవలసిన పని.